నొప్పి స్కేలు గారికి, పదికి ఏడు మార్కుల పేషెంటు రాయునది

మహారాజశ్రీ నొప్పి స్కేలు గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది కానీ, ఇటువైపు కుశలం లేదు.

ఆస్పత్రికి పదకొండింటికి రమ్మని మూడు దాటాక పిలిచారు. నడుము నొప్పి వాళ్లు వచ్చే చోట ఆ ఇనుప కుర్చీలు వేయించినాయన ఎవరో గానీ వ్యాపారం తెలిసిన మనిషి. అది వదిలేద్దాం. ఫిట్స్ మందుగా పుట్టిన గాబాపెంటిన్ నా నడుము నొప్పికి చీటీలో రాస్తే, మందుల షాపు కుర్రాడు "ఫిట్స్ ఎవరికండీ?" అని నలుగురిలో అడిగాడు. అదీ వదిలేద్దాం.

సున్నా నుంచి పది దాకా నొప్పికి మార్కులు వేయించే మీ సంగతి మాత్రం వదలను. జూనియర్ డాక్టరు కంప్యూటర్లోంచి తల ఎత్తకుండా "పదికి ఎంతండీ?" అన్నాడు. ఏడన్నాను. అప్పుడు ఎత్తాడు తల. "ఏడైతే ఇలా కూర్చుని మాట్లాడలేరండీ. నాలుగు వేస్తున్నా" అని వేసేశాడు. నొప్పి నాది, మార్కులు ఆయనవి! రక్తపరీక్షకి దొరకదు, ఎమ్మారైలో కనిపించే డిస్కు ఉబ్బు నొప్పి లేనివాళ్లకీ ఉంటుంది, కాబట్టి పేషెంటు నోటిమాటే రాసుకోవాలనే కదండీ మిమ్మల్ని పెట్టింది? ఈ నొప్పి వైద్యాన్ని ఒక శాఖగా నిలబెట్టిన జాన్ బోనికా కుస్తీలు పట్టిన మత్తు డాక్టరు, ఆ దెబ్బల నొప్పులతోనే బతికాడు. ఆయన ఏడంటే ఈ కుర్రాడు నాలుగు వేసేవాడా?

ఇంటికొచ్చి ఫైలు తిరగేస్తే అసలు కిటుకు తెలిసింది. వెన్నులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయకముందు ఏడు, ఇప్పుడు నాలుగు. మీ లెక్కలో రెండు తగ్గినా మెరుగే. కింద పెద్ద డాక్టరు గారి చేతిరాత: రెస్పాన్స్ బాగుంది, ఇంజెక్షన్ రిపీట్. పనిచేయని ఇంజెక్షన్ మళ్లీ పొడవడానికి, అది పనిచేసిందని సాక్ష్యం నేనే!

పదంటే ఊహించగలిగినంత ఘోరమైన నొప్పట. ఎవరి ఊహ? మా అత్తయ్య మెట్టు మెట్టుకీ ఆగుతూ "ఆ, ఏదో ఉందిలే" అంటుంది. మా బావమరిది సూది చూడగానే పదిహేనంటాడు. ఇద్దరికీ నువ్వొక్కడివే కొలబద్దవా?

అవును, నువ్వే. ఇక గారు గీరు నా వల్ల కాదు. రాత్రి ఎన్నిసార్లు మెలకువొస్తోంది, వంగి చెప్పులు వేసుకోగలుగుతున్నావా, బస్సెక్కగలుగుతున్నావా అని ఒక్కడూ అడగలేదు, నీ అంకె ఒకటి దొరికిందిగా! ముందా నాలుగు కొట్టేయించు. ఆ తర్వాత ఇంజెక్షన్ సంగతి మాట్లాడదాం.

ఇట్లు,
నడుము నొప్పి పేషెంటు (ఏడు)