డ్రాయింగ్ పీరియడ్ ఎవరికిచ్చేశారు?

మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో, 2030 నాటికి ఉద్యోగుల ముఖ్య నైపుణ్యాల్లో 39 శాతం మారిపోతాయన్న ప్రపంచ ఆర్థిక వేదిక అంచనా చెప్పి, పిల్లలకు సృజన నేర్పమన్నారు. బాగుంది. కానీ మా తిరుపతిలో డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల సారు సిలబస్ పూర్తిచేసుకునే టైమే కదండీ!

పక్కనే శ్రీకాళహస్తి ఉంది. అక్కడి కలంకారీలో కరక్కాయ, పాలలో నానబెట్టి ఆరేసిన గుడ్డమీద వెదురు కలంతో గీస్తారు. నలుపేమో బెల్లం, తుప్పుపట్టిన ఇనుము ఊరబెట్టి తీసింది. గీత తప్పితే చెరిపేది లేదు. అలాంటి బొమ్మ కంప్యూటర్ క్షణాల్లో ఇస్తుంది, నిజమే. రామాయణంలో ఏ ఘట్టం పెద్దది చేయాలి, చీర కొంగులో ఏది వదిలేయాలి అన్నది మాత్రం గీసేవాళ్లే తేల్చుకోవాలి.

తర్వాతి వ్యాసంలో ఆ కళాకారులకు నెలకు ఎంత గిడుతుందో కూడా రాయండి. మా ఇంట్లో మొదట అడిగేది అదే.