ఆ బీరు పారబొయ్యకురా నాన్నా

మొన్న పొద్దున్నే ఒహాయో నుంచి మా మేనల్లుడి ఫోను. "మావయ్యా, నా బార్లీవైన్ పాడైపోయింది. గొంతులో మంట, నాలిక మీద చేదు. రెండు సీసాలు తీశాను, రెండూ అంతే. మొత్తం సింకులో పోసేస్తున్నా."

బార్లీవైన్ అంటే పేరుకే వైను, నిజానికి బాగా గట్టి బీరు. వాడు ఇంట్లో కాచి సీసాల్లోకి ఎక్కించి ఏడు వారాలు కాలేదు. పది కిలోల మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), రెండు గంటల మరుగు, 19 లీటర్లు, 48 సీసాలు. నేను ఎంత గట్టిగా అరిచానంటే, లోపల ఆవకాయ తిరగకలుపుతున్న అమ్మ చెయ్యి ఆపి బయటికొచ్చి "ఎవరి మీదరా అంత కోపం?" అంది.

కోపం వాడి మీద కాదు. మూడు వారాల్లో గ్లాసులోకి రాకపోతే బీరే కాదని వాడికి నేర్పిన తొందర మీద. ఆ లెక్క మామూలు బీరుకి సరే. హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పూలు) దండిగా వేసే ఐపీఏ అనే బీరైతే నెలలోపే తాగాలి, ఆ వాసన ఉన్నప్పుడే దాని విలువ. గోధుమ బీరూ అంతే. కానీ వాడు కాచింది 10 శాతం ఆల్కహాలున్న బీరు. మొదలు గ్రావిటీ, అంటే నీళ్ళతో పోలిస్తే ఎంత చిక్కగా ఉందన్న కొలత, 1.105. పులిసి ఆగింది 1.028 దగ్గర. దాన్ని సీసాలో పోసిన రోజున పని సగమే అయినట్టు. మిగతా సగం చెయ్యాల్సింది కాలం. ఆ సగాన్ని ఎగ్గొట్టి బీరు బాలేదంటే నేనొప్పుకోను.

మన దగ్గర ఈ మాట ఎక్కించడం కష్టమే. మనకు తెలిసిన కల్లు పొద్దున దించితే సాయంత్రానికి పులిసిపోతుంది, ఏ పూటది ఆ పూటే. ఇక బెజవాడలో స్ట్రాంగ్ బీరంటే, చల్లగా తీసి గబగబా తాగేసేది. దాన్ని ఏడాది దాచుకోమంటే ఎవరైనా నన్ను వింతగా చూస్తారు. పోనీ ఓపిక మనకు తెలియదా అంటే, పాత బియ్యం, పాత చింతపండు, పాత బెల్లం అని అడిగి మరీ కొనేది మనమే.

వాడికి అదే చెప్పాను. "అమ్మమ్మ ఆవకాయ మూడో రోజున రుచి చూశావుగా. ఆవ ఘాటు ముక్కులో కొట్టి, వెనకాల చేదు తగల్లేదూ? పారేశామా?" వాడు మాట్లాడలేదు. రెండు నెలలకి ముక్క ఊరి, ఆవ చేదు చచ్చి, నూనె పైకి తేలి అన్నీ ఒకటైన రుచి వాడికి చిన్నప్పట్నుంచీ తెలుసు.

సీసాలో జరిగేదేమిటంటే, హాప్స్ చేదు నెలనెలా తగ్గుతుంది. మూత కింద మిగిలిన కాస్త గాలితో మాల్టు నెమ్మదిగా మారి ఎండుద్రాక్ష, ఖర్జూరం, షెర్రీ వైను లాంటి వాసనలకు వస్తుంది. ఆల్కహాలు విడిగా కాలకుండా తీపిలో కలిసిపోతుంది. గాలి మోతాదు మించిందంటే మాత్రం తడిసిన అట్ట వాసన, అందుకే నింపేటప్పుడు చిలకరించకూడదు. వేడి మరీ చేటు. 12, 13 డిగ్రీల్లో ఏడాది మీద జరగాల్సింది 30 డిగ్రీల్లో కొద్ది నెలల్లోనే వంకరగా జరిగిపోతుంది. నేను అమెరికా నుంచి తిరిగొచ్చాక కాయడం మానేశాను. లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం చెయ్యడం ఇక్కడ నేరం. చట్టం ఒప్పుకున్నా మే నెల ఎండ ఒప్పుకోదు. అక్కడ 1978 చట్టంతో ఇంట్లో బీరు కాయడానికి ఫెడరల్ ప్రభుత్వం ఒప్పుకుంది. పైగా వాడి ఇంటికింద చల్లటి బేస్‌మెంటుంది. అన్నీ అమరినవాడు పారబోస్తానంటే నాకు కడుపు మండింది.

కాలం అన్నిటికీ మందు అని నేననను. పుల్లటి వెనిగర్ వాసన వస్తే అందులో సూక్ష్మజీవి పడ్డట్టు, పదేళ్ళు దాచినా బాగుపడదు, నిక్షేపంగా పారబోయాలి. వేడిలో పులిసి పుట్టిన మంట కూడా పూర్తిగా పోదు. అందుకే ముందు ఎన్ని డిగ్రీల్లో పులియబెట్టావని అడిగాను. 18 అన్నాడు. పులుపుందా? లేదు. గ్యాసు? చాలా తక్కువట. అంత ఆల్కహాల్లో పులియబెట్టే ఈస్టు అలిసిపోతుంది, సీసాలో గ్యాసు పట్టడానికే రెండు మూడు నెలలు తీసుకుంటుంది. ఆ బీరుకి రోగమేమీ లేదు, పచ్చిగా ఉందంతే.

ఇంగ్లండులో ఒకప్పుడు జమీందారీ ఇళ్ళల్లో వారసుడు పుడితే ఏల్ అనే గట్టి బీరు కాచి పీపాలో దాచి, వాడికి 21 ఏళ్ళు నిండిన రోజున తెరిచేవాళ్ళు. కాచిన మనిషి తాగేదాకా బతికుంటాడన్న నమ్మకం కూడా లేదు. ఆ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది.

మా అమ్మాయి 2012లో అక్కడే పుట్టింది. ఆ నెలలోనే ఒక బార్లీవైన్ కాచాను. రెండు నెలలకి తీస్తే సరిగ్గా మా వాడు చెప్పిన రుచే, మంట, చేదు. ఆరు నెలలకి చేదు తగ్గింది గానీ బీరు పొడిపొడిగా, దేనికది విడిగా ఉంది. అప్పుడు నాకూ అనుమానం వచ్చింది. ఏడాదిన్నరకి ఒక చలి రాత్రి తీశాను. పాకంలో నానిన ఖర్జూరం, కాస్త మాడిన బెల్లం, ఆ వెనక ఎక్కడో హాప్స్. మా ఆవిడ బీరు ముట్టదు, వాసన చూసి "ఇది నువ్వు చేసిందేనా?" అని రెండుసార్లు అడిగింది. తిరిగొచ్చేటప్పుడు మిగిలిన ఆరు సీసాలూ మిషిగన్‌లో ఒక స్నేహితుడి బేస్‌మెంట్‌లో పెట్టి వచ్చాను. మూతల మీద మైనం, సీసాల మీద అమ్మాయి పేరు. 2033లో తెరవాలి.

నిన్న రాత్రి వాడు ఫొటో పంపాడు. మెట్ల కింద అట్టపెట్టెలో 46 సీసాలు నిలువుగా, వెలుతురు పడకుండా పైన పాత దుప్పటి. ఒక్కొక్క మూత మీద మార్కరుతో తేదీ. కింద మెసేజ్: "మావయ్యా, సంక్రాంతికి ఒకటి తీయొచ్చా?"

ఒకటి తీయమన్నాను. ఒక్కటే.