గోపాలపురంలో పదకొండింటికి తెల్లారదు

పోయిన చలికాలంలో హైదరాబాద్ నుంచి మా పిన్ని వాళ్ళు వస్తే, ఒక ఆదివారం పొద్దున్నే గోపాల్‌పూర్ తీసుకెళ్ళాను. పాతవాళ్ళు ఇప్పటికీ గోపాలపురం అనే అంటారు. ఒడిశా గంజాం జిల్లాలోని మా బరంపురం నుంచి 16 కిలోమీటర్లు. సూర్యోదయం చూశారు, ఇసుకలో నడిచారు, లైట్‌హౌస్ దగ్గర ఫొటోలు దిగారు. ఏడున్నరయ్యేసరికి పిన్నికి కాఫీ గుర్తొచ్చింది. ఫోన్‌లో మంచి రేటింగ్ ఉన్న కేఫ్ ఒకటి వెతుక్కుని వెళ్తే షట్టర్ వేసి ఉంది. తెరిచేది పదకొండింటికని తలుపు మీదే రాసి ఉంది. బ్రంచ్ అప్పటి నుంచట.

నాలుగడుగులు వెనక్కి వస్తే మలుపులో ఒక బండి. ఒక పొయ్యి మీద ఇడ్లీ పాత్ర, రెండో దాని మీద నూనె మూకుడు. బండి నడిపే అమ్మ చెయ్యి తడుపుకుని, పిండి ముద్ద తీసుకుని, బొటనవేలితో చిల్లు పెట్టి నూనెలోకి జారుస్తోంది. ఆకు దొప్పలో రెండు వడలు పెట్టి, పైన గరిటెడు బఠానీ గుగుని పోసి, పక్కన కొబ్బరి చట్నీ వేసి ఇచ్చింది. "ఇదేంట్రా, వడ మీద కూర పోస్తున్నారు?" అని మా పిన్ని ఆశ్చర్యపోయింది. రెండో దొప్ప ఆవిడే అడిగి తీసుకుంది. గంజాంలో పొద్దుటి తిండి ఇదే. వడ మనది, గుగుని వాళ్ళది. పేరు కూడా తెలుగు నోట వడ, ఒడియా నోట బరా.

మేం తింటుండగానే పడవలు ఒడ్డుకొచ్చాయి. వల లాగి, చేపలు వేరు చేసి, బేరాలు ముగించుకుని మనుషులు ఒక్కొక్కరే బండి దగ్గరికి వచ్చారు. తడి లుంగీలు, మోకాళ్ళ దాకా ఇసుక. వీళ్ళు చీకటి ఉండగానే సముద్రంలోకి దిగినవాళ్ళు. ఇళ్ళలో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే వాడబలిజలు. ఒడియా వాళ్ళు నోలియాలు అంటారు. తొమ్మిది దాటాక వాళ్ళు తినే ఆ నాలుగు ఇడ్లీలూ రెండు వడలే పొద్దుటి టిఫినూ, దాదాపు మధ్యాహ్నం భోజనమూ. బ్రంచ్ అనే మాటకి అర్థం అదే కదా. ఈ ఊళ్ళో అది ఎప్పటి నుంచో ఉంది, దానికి పేరు పెట్టినవాళ్ళు లేరు, అంతే.

కొత్త కేఫుల మీద నాకు కోపం లేదు. కాలేజీ అమ్మాయిలు నలుగురు ఒక బల్ల దగ్గర గంటసేపు కూర్చుని మాట్లాడుకున్నా ఎవరూ వచ్చి "ఇంకేం కావాలి, లేవండి" అనని చోటు మా వైపు చాలా తక్కువ. ఆ చోటు కేఫులే ఇచ్చాయి. మా అమ్మాయి కూడా స్నేహితులతో అక్కడికే వెళ్తుంది, వెళ్ళాలి కూడా. నా అభ్యంతరం వేరే. ఈ కేఫులు ఊరి గడియారాన్నీ, ఊరి మనుషుల్నీ వదిలేసి టూరిస్టు ఒక్కడి మీదే లెక్క వేసుకుంటున్నాయి. ఆ లెక్క ఈ తీరంలో నిలబడదు.

సీజన్ ఎంత? దసరా సెలవుల్లో మొదలై ఫిబ్రవరితో అయిపోతుంది. అందులోనూ శని, ఆదివారాలే. ఎండాకాలం మధ్యాహ్నం ఇసుక మీద కాలు పెట్టలేం, వానాకాలం సముద్రం వైపు వచ్చేవాళ్ళే ఉండరు. పైగా మన తుపాన్లు సరిగ్గా సీజన్ మొదట్లోనే వస్తాయి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటింది. ఫైలిన్ తర్వాత ఈ జిల్లాలో చాలా ఊళ్ళకి కరెంటు రావడానికి వారాలు పట్టింది. కరెంటు లేని చోట ఎస్ప్రెస్సో మెషీన్ పనిచెయ్యదు, ఫ్రిజ్‌లో పాలు నిలవవు. కట్టెల పొయ్యి, ఇడ్లీ పాత్ర ఉన్నవాళ్ళు మాత్రం రోడ్డు మీద చెట్లు తీసెయ్యగానే మళ్ళీ బండి పెట్టారు. గిరాకీ కూడా ఉంది, ఎందుకంటే తినేవాళ్ళు ఎక్కడికీ పోలేదు.

ఏడాది పొడవునా ఇక్కడే ఉండే గిరాకీని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. బరంపురం నుంచి గోపాల్‌పూర్ వచ్చే దారిలోనే భంజవిహార్, అంటే 1967లో పెట్టిన బరంపురం యూనివర్సిటీ. గోపాల్‌పూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, పోర్టు ఉంది. బరంపురంలో మెడికల్ కాలేజీ, దాని చుట్టూ నైట్ డ్యూటీ చేసి పొద్దున్నే బయటికొచ్చే వందల మంది ఉన్నారు. వీళ్ళకి కావలసింది ఆరింటికి వేడి కాఫీ, ఏడింటికి టిఫిను. పదకొండింటికి పాన్‌కేక్ కాదు. పొద్దున ఆరు నుంచి పది దాకా అద్దె కట్టిన షాపును మూసి ఉంచడమంటే ఈ ఊళ్ళో గిరాకీ ఎక్కువ ఉన్న నాలుగు గంటలూ వదులుకోవడమే.

ఇక కాఫీ సంగతి. ఒక కేఫ్‌లో కాపుచినో తెచ్చిన కుర్రాడిని, "ఇది ఎక్కడి కాఫీ బాబూ?" అని అడిగాను. లోపలికి వెళ్ళి అడిగొచ్చి, "ఇంపోర్టెడ్ సర్" అన్నాడు. ఆ మాట గర్వంగా చెప్పాడు. తప్పు కుర్రాడిది కాదు, అతనికి అంతకు మించి ఎవరూ చెప్పలేదు. కానీ నాకు చాలా బాధేసింది. బరంపురం నుంచి సుమారు 120 కిలోమీటర్లు ఘాటెక్కితే దారింగిబాడి, అక్కడ కాఫీ తోటలు, మిరియం తీగలు. ఇంకా లోపలికి వెళ్తే కోరాపుట్. జయపురం మహారాజు 1930లో అక్కడ కాఫీ వేయించాడని చెబుతారు. ఆ కొండల్లో నీడ చెట్ల కింద పండేది అరబికా. కొన్నేళ్ళుగా ఒడిశా గిరిజనాభివృద్ధి సహకార సంస్థ రైతుల దగ్గర నేరుగా పండు కొని, కోరాపుట్ కాఫీ పేరుతో పొడి అమ్ముతోంది. పొరుగునే ఉన్న అరకు కాఫీ 2017లో పారిస్‌లో షాపు తెరిచింది, 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. కొండ ఒకటే, వానలు ఒకటే, పండించే గిరిజన రైతుల కష్టం కూడా ఒకటే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా కోరాపుట్, అరకు రెండూ విశాఖపట్నం జిల్లాలోవే. మధ్యలో గీత తర్వాత వచ్చింది.

ధర ఎక్కువ పడుతుందని ఒక కేఫ్ యజమాని నాతో అన్నాడు. కాగితం మీద వేసి చూద్దాం. మంచి పొడి కిలో 800 రూపాయలే అనుకున్నా, కప్పు ఫిల్టర్ కాఫీకి 10 గ్రాములు చాలు. అంటే కప్పుకు 8 రూపాయల పొడి. మెషీన్‌లో గట్టిగా తీసే కాఫీకి 18 గ్రాములు వేసుకున్నా 15 రూపాయలు దాటదు. కప్పు 150 రూపాయలకి అమ్మేవాళ్ళకి ఇది భారం కాదు. భారమంతా అద్దెలో, ఏసీలో, వాయిదాల మీద తెచ్చిన మెషీన్‌లో ఉంది. స్టీలు ఫిల్టర్‌కి వాయిదాలు లేవు. రాత్రి పొడి వేసి వేడినీళ్ళు పోసి పడుకుంటే, తెల్లారేసరికి కింది గిన్నెలో చిక్కటి డికాషన్ దిగి ఉంటుంది. మెషీన్ వద్దని నేను అనడం లేదు, దాని పక్కన ఫిల్టర్ కూడా ఒకటి పెట్టమంటున్నా.

మనకి కాఫీ హోటల్ అంటే కాఫీ ఒక్కటే దొరికే చోటు కాదు. టిఫిను దొరికే చోటు, పేపరు చదివే చోటు, పెళ్ళిసంబంధాల మాటలు సాగే చోటు. ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు గుమస్తాలు, ప్లీడర్లు, రైల్వే ఉద్యోగులు ఈ అలవాటును బరంపురం దాకా తెచ్చారు. గోపాల్‌పూర్ కూడా ఒకప్పుడు ఊరికే ఇసుక ఒడ్డు కాదు. ఇక్కడి నుంచి మనవాళ్ళు ఓడెక్కి రంగం వెళ్ళేవారు. రంగూన్‌ని మా తాతల తరం అలాగే పిలిచేది. ఆ పాత రేవు గోడల శిథిలాలు ఇప్పటికీ ఒడ్డున కనిపిస్తాయి. ఓడ కోసం కాచుకున్న వాళ్ళకి ఆ గోడల పక్కన ఎవరో ఒకరు వేడిగా ఏదో వండి పెట్టే ఉంటారు.

అందుకే బళ్ళ సంగతి కేఫుల సంగతికి వేరుగా చూడకూడదంటాను. బీచ్ అందంగా ఉండాలన్న మాట వచ్చినప్పుడల్లా ముందు కదిలేవి బళ్ళే. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా వాళ్ళని లేపడానికి వీల్లేదు. ఆ చట్టం కింద వేసే కమిటీలో వాళ్ళ ప్రతినిధులూ ఉండాలి. ఈ సంగతి బండివాళ్ళలో చాలామందికి తెలీదు. సూరత్ మరమగ్గాల నుంచి తిరిగొచ్చి ఇక్కడే బండి పెట్టుకున్న కుర్రాళ్ళని నేనెరుగుదును. వాళ్ళకి మళ్ళీ రైలెక్కే అవసరం రాకూడదు. బండికి నీళ్ళ కుళాయి, ఒక లైటు, చెత్తడబ్బా, నాలుగు బెంచీలు ఇస్తే చాలు. బండివాళ్ళు వడ వేస్తారు, పక్కన కేఫ్ కాఫీ ఇస్తుంది. పొద్దున పూట ఆ బండి టిఫిను తన బల్ల మీద తిననిచ్చే కేఫ్ ఒక్కటి ముందుకొచ్చినా మిగతావాళ్ళు చూసి నేర్చుకుంటారు.

ఆ ఆదివారం మేం వెనక్కి బయల్దేరేసరికి పదిన్నర అయింది. బండి దగ్గర వడల పిండి అయిపోయింది. అమ్మ మూకుడులో నూనె డబ్బాలోకి వంపుకుంటోంది. మా పిన్ని రేపటికి కాఫీ కూడా పెట్టమని అడిగితే, "పొడి మంచిది ఎక్కడ దొరుకుతాదమ్మా? చెప్పు, పెడతాను" అంది. దారింగిబాడి పేరు చెప్పాను. పెద్దపండగకి తన చెల్లెల్ని చూడ్డానికి ఆ వైపు వెళ్తానని, అప్పుడు తెస్తానని అంది. వెనక షట్టర్ పైకి లేపుతున్న చప్పుడు అప్పుడే వినిపించింది.