గూగుల్ లెక్క వేరు, గుమ్మం లెక్క వేరు

కర్నూలు నుంచి విశాఖకు విమానంలో గంటా పది నిమిషాలే అని మీరు మీ వ్యాసంలో రాశారు గానీ, అది దూరాన్ని వేగంతో భాగిస్తే వచ్చిన లెక్క సార్. సూటిగా గీత గీస్తే 580 కిలోమీటర్ల దాకా వస్తుంది, ఏటీఆర్ (ఈ రూట్లో తిరిగే చిన్న ప్రొపెల్లర్ విమానం) గంటకు 500 పోతుంది, నిజమే. కానీ రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, అవతల దిగడానికి వంతు కోసం ఆగడం (విశాఖలో రన్‌వే నేవీది కదా), ఇవన్నీ ఎవరు కలుపుతారు? మా ఇంటి నుంచి ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు చేరడానికే ముప్పావు గంట, పైగా చెక్-ఇన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారని టెన్షన్. ఒకసారి అమ్మ కట్టిచ్చిన జొన్న రొట్టెలు విమానం ఎక్కకముందే అయిపోయినాయి! అయినా రాత్రంతా రైల్లో కూర్చునేదానికంటే నయమేలెండి. ఈసారి గుమ్మం నుంచి గుమ్మానికి ఎంత పడుతుందో రాయండి.