అమ్మ కేకును దిద్దడానికి మీరెవరు?

మధ్యాహ్నం మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో వదిన ఒక వంట పెట్టింది. పేరు ‘అత్తయ్యగారి కేకు’. కింద 250 గ్రాముల మైదా, నాలుగు గుడ్లు, ఒకటిన్నర చెంచా బేకింగ్ పౌడర్. ‘అత్తయ్యకు కొలతలు తెలియవు కదా, సరిచేశాను’ అని ఒక మాట కూడా. అందరూ దండాలు పెట్టారు. నాకు ఇంకా ఒళ్లు మండుతోంది.

అమ్మ పుస్తకంలో గ్రాములే లేవు. ‘నాలుగు గుడ్లు, వాటి ఎత్తు మైదా, అంతే పంచదార, అంతే వెన్న’ అని ఉంటుంది, నూనె మరక పక్కన ఆకుపచ్చ సిరాతో. తక్కెడలో ఒక పళ్లెంలో గుడ్లు పెంకులతోనే పెట్టి, రెండో దాంట్లో మైదా పోసేది. ముల్లు నిటారుగా నిలిచేదాకా చిటికెడు వేసేది, చిటికెడు తీసేది. ఫారం గుడ్డు 55 గ్రాములు తూగితే నాటుకోడి గుడ్డు 40 దగ్గరే ఆగిపోతుంది. గుడ్డు చిన్నదైతే పిండి కూడా తగ్గాలి. ఇంతకన్నా కచ్చితమైన కొలత ఎవరికి తెలుసు?

బేకింగ్ పౌడర్ ఆమె ముట్టలేదు. పచ్చటి వెన్న తెల్లబడేదాకా పంచదారతో గిలకొట్టేది, ఆ గాలికే కేకు పొంగేది. అయినా విశాఖ సముద్రపు తేమలో మూత తీసిన ఆ పౌడర్ ఎన్నాళ్లు పనిచేస్తుంది?

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊరంతా చీకటైనప్పుడు, వదిన కూతురి పుట్టినరోజుకు ఒక్క బేకరీ తెరవలేదు. అమ్మ గ్యాసు పొయ్యి మీద, గాస్కెట్టూ విజిలూ తీసేసిన కుక్కరులో ఇసుక పోసి, కొవ్వొత్తి వెలుగులో కేకు చేసింది. అడుగున కాస్త మాడిన ముక్క తనకు ఉంచుకుని, మిగతాదంతా మాకు పెట్టింది. వదిన రెండు ముక్కలు తింది. ఆరోజు కొలతలు గుర్తురాలేదా?

అసలు వదినను అని ఏం లాభం? అమ్మ పోయి నెల తిరక్కుండానే మహారాణిపేట ఇల్లు ఖాళీ చేస్తూ, ఆ ఇత్తడి తక్కెడను పాత సామాన్లవాడికి తూకానికి ఇచ్చేసింది మా అన్నయ్య. నన్నొక్క మాట అడగలేదు. నేను వెళ్లేసరికి గోడకు మేకు మాత్రం మిగిలింది. ఆ మాట ఇన్నేళ్లుగా మింగుకున్నాను, ఇక మింగలేను.

రేపు పొద్దున్నే పూర్ణా మార్కెట్‌కు వెళ్తున్నాను, తక్కెడ దొరికేదాకా తిరుగుతాను. వదినా, ఈలోగా ఆ కేకు మీద నుంచి అమ్మ పేరు తీసేయండి.