ఇనిషియేటివ్ ఎత్తేస్తే పోరు బాగుపడదు

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో పోరు మొదలయ్యేటప్పుడు ఎవరి వంతు ముందో తేల్చేందుకు వేసే పాచికే ఇనిషియేటివ్. ఈ ఆటలు ఆడేవాళ్లలో ఒక సలహా తెగ తిరుగుతోంది: "ఒక్కొక్కరూ ఇనిషియేటివ్ వేయడం కాలయాపన. డెక్స్టెరిటీ (పాత్ర చురుకుదనం) కలిపినా తేడా ఏమంత ఉండదు. పక్షానికో పాచిక వేయండి, లేదా కూర్చున్న వరసలో ఆడేయండి. ఫలితం అదే, వేగం ఎక్కువ." డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నియమాల మీద పెట్టి చూస్తే ఇందులో నిలబడేది చాలా తక్కువ.

"కాలయాపన." ఈ నియమాల్లో ఇనిషియేటివ్ వేసేది పోరు మొత్తానికీ ఒక్కసారే. ఒకే రకం శత్రువులందరికీ కలిపి ఒకటే పాచిక. ఆరు గాబ్లిన్లు, వాటికో నాయకుడు ఉంటే డీఎం (ఆట నడిపే డంజన్ మాస్టర్) వేయాల్సింది రెండు పాచికలు, అంతే. సమయం నిజంగా కరిగిపోయేది తన వంతు వచ్చాక ఆలోచన మొదలుపెట్టే ఆటగాడి దగ్గర. వంతు దగ్గరపడిందని అతనికి ముందుగా తెలియాలి. పేర్లు రాసిన అట్టముక్కల్ని మడిచి, అందరికీ కనబడేలా డీఎం తెర మీద వరసగా తగిలించండి. పిలిచేటప్పుడు ఎప్పుడూ రెండు పేర్లు పిలవండి: "ఇప్పుడు రేంజర్, తర్వాత క్లెరిక్." ఒక పోరు ముగియగానే తర్వాతి పోరుకు కావలసిన పాచికలు వేయించి రాసిపెట్టుకుంటే, శత్రువు తలుపు బద్దలుకొట్టే క్షణంలో లెక్కలు అడ్డురావు.

"డెక్స్టెరిటీతో తేడా లేదు." లెక్క వేసి చూడండి. ఇద్దరికీ మాడిఫయర్ (ఇరవై ముఖాల పాచికకు కలిపే అంకె) సమానమైతే చెరొకరూ ముందుండే అవకాశం 47.5 శాతం, సమానంగా పడేది 5 శాతం. ఒకరికి +5, మరొకరికి సున్నా అయితే మొదటివాడు ముందుండేది 70 శాతం, వెనకబడేది 26.25 శాతం. రోగ్ పాత్రకు డెక్స్టెరిటీ పెంచుకున్న ఆటగాడు ఇందుకోసం కూడా పెంచుకున్నాడు. దాన్ని చెప్పకుండా లాగేసుకోవడం అన్యాయం.

"పక్షానికో పాచిక వేసినా ఫలితం అదే." అసలు ప్రమాదం ఇక్కడుంది. ఒకటో లెవెల్ విజార్డ్, 8 హెచ్‌పీ (ప్రాణబలం), ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే దాడి చేరుకోవాల్సిన అంకె) 12. ఎదురుగా నాలుగు గాబ్లిన్లు, దాడికి +4, దెబ్బకు సగటున 5. ఒక్కో బాణం తగిలే అవకాశం 65 శాతం. నాలుగూ వరసగా అతని మీదే వేస్తే కనీసం రెండు తగిలే అవకాశం దాదాపు 87 శాతం. విజార్డ్ ఒక్క మంత్రం వేయకముందే పడిపోయినట్టే. గాబ్లిన్లను రెండు జట్లు చేసి విడిగా పాచికలు వేస్తే మధ్యలో క్లెరిక్‌కో ఫైటర్‌కో వంతు దొరికే వీలుంటుంది. డీఎంల పుస్తకం కూడా పక్షాల పద్ధతిని ఐచ్ఛికంగా ఇస్తూనే, గెలిచిన పక్షం మూకుమ్మడిగా మీదపడే ముప్పు ఉందని హెచ్చరిస్తుంది.

ఆ పాచికను ప్రతి రౌండ్‌కూ (అందరి వంతూ ఒకసారి పూర్తయ్యే చుట్టు) మళ్లీ వేస్తే ఇంకా చెడుతుంది. మొదటి రౌండ్‌లో మీరు ముందు, రెండో రౌండ్‌లో వాళ్లు ముందు అయితే శత్రువులు వరసగా రెండుసార్లు ఆడతారు. వాడేసిన రియాక్షన్ (ఇతరుల వంతులో చేయగల ఎదురుచర్య) మీ వంతు మొదలైతేగానీ తిరిగి రాదు కాబట్టి, రెండో విడత దాడికి మీరు బదులివ్వలేరు. ఇదే ఆటకు 1981 నాటి బేసిక్ నియమాల్లో పక్షానికో డీ6 (ఆరు ముఖాల పాచిక), అదీ ప్రతి రౌండ్‌కూ ఉండేది నిజమే. కానీ అక్కడ వంతుకు ముడిపడిన రియాక్షన్లు లేవు. ధైర్యం చెడిన శత్రువులు పారిపోయేలా మొరాల్ నియమం ఉంది.

"కూర్చున్న వరస." శత్రువులందరి వంతూ డీఎం కుర్చీ దగ్గరే వస్తుంది. అంటే ఇదీ మూకుమ్మడి దాడే, పైగా డీఎంకు ఏ పక్కన కూర్చున్నారన్నదే ఆటగాడి వేగం అయిపోతుంది. ఒక రౌండ్‌లో తేలిపోయే చిన్న గొడవకైతే పరవాలేదు, వాడుకోండి.

పాచికలే వద్దనుకునేవారికి అదే పుస్తకంలో మెరుగైన దారి ఉంది: 10కి డెక్స్టెరిటీ మాడిఫయర్ కలిపి వచ్చిన అంకెనే ఇనిషియేటివ్‌గా తీసుకోవడం. ఎవరి వంతు వారికి మిగులుతుంది. అయితే వరస ప్రతి పోరులోనూ అదే ఉంటుంది కాబట్టి, పాత్రలకు ఈ స్థిరమైన అంకె ఇచ్చి శత్రువులకు మాత్రం జట్టుకో పాచిక వేయండి.