మాప్ కర్ర గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మాప్ కర్ర గారికి,

వికీపీడియాలో నిర్వాహకులకు గుర్తుగా మిమ్మల్ని ఎందుకు పెట్టారో నాకు చాన్నాళ్ళు అర్థం కాలేదు. కిరీటం పెట్టొచ్చు, కుర్చీ పెట్టొచ్చు. పోయి పోయి నేల తుడిచే కర్రా? తర్వాత తెలిసింది, ఉద్యోగమే అదని. ఎవడో పిల్లాడు తన స్నేహితుడి పేరుతో పేజీ తెరిచి "వీడొక గాడిద" అని రాస్తాడు, దాన్ని తొలగించాలి. ఇద్దరు పెద్దమనుషులు ఒక హీరో పుట్టిన సంవత్సరం కోసం తెల్లవార్లూ కొట్టుకుంటారు, ఆ పేజీకి తాళం వెయ్యాలి. చెప్పినా విననివాణ్ణి నిరోధించాలి. జీతం లేదు, తిట్లకు కొదవ లేదు.

నిర్వాహకుడవడం ఏమంత పెద్ద విషయం కాదని వికీపీడియా వ్యవస్థాపకుడు జిమ్మీ వేల్స్ 2003లోనే రాశాడు. ఆ మాటను అందరూ భక్తిగా తలుచుకుంటారు. తలుచుకుని, నేల తుడుస్తానని వచ్చినవాణ్ణి ఇంగ్లీషు వికీపీడియాలో ఏడు రోజులపాటు ఉతికి ఆరేస్తారు. మామూలు ప్రశ్నలు మూడే. నిర్వాహకుడివి ఎందుకు కావాలనుకుంటున్నావు, ఇప్పటిదాకా ఏం బాగా చేశావు, ఎవరితోనైనా గొడవ పడ్డావా? ఈ మూడోదానితోనే టెన్షన్. పడలేదంటే అనుభవం లేదంటారు, పడ్డానంటే కోపిష్టి అంటారు. ఆ పైన ఎవరి ప్రశ్నలు వాళ్ళవి. చివరికి మనిషికి రెండే అడగాలని హద్దు పెట్టాల్సి వచ్చింది, మనవాళ్ళ జిజ్ఞాస అలాంటిది. 75 శాతం మద్దతు దాటితే గట్టెక్కినట్టే, 65 లోపైతే మామూలుగా ఇంటికే. మధ్యలో వేలాడితే, ఆ హోదా ఇచ్చే అధికారులు (బ్యూరోక్రాట్లు) కూర్చుని ఆలోచిస్తారు.

ఈ మర్యాదలకు మురిసి జనం ఎగబడ్డారనుకుంటున్నారా? 2007లో ఇలా నెగ్గినవారు 408 మంది, 2021లో ఏడుగురు. 2024 అక్టోబరులో రహస్య బ్యాలెట్ పెట్టి చూశారు. వద్దన్నవాడు పేరు చెప్పక్కర్లేదు, కారణమూ చెప్పక్కర్లేదు. ఒక్క విడతలో 11 మంది నెగ్గారు! వద్దనడం కన్నా, నలుగురి ముందు వద్దనడమే మనిషికి ఎక్కువ సరదా అని నా అనుమానం.

మన తెలుగు వికీపీడియాలో ఇంత ఉతుకుడు లేదు. ఉతకడానికి ముందు బట్ట దొరకాలి కదా. తన పేరు తానే ప్రతిపాదించుకోవచ్చు. కానీ తన పెళ్ళి సంబంధం తానే మాట్లాడుకున్నట్టు ఉంటుందని మొహమాటం. ఎవరైనా అడిగితే మాత్రం "అబ్బే, నాకు తీరికెక్కడిదండీ, మీలాంటివారు ఉండాలి" అంటాం. బంతిలో రెండో గారె వడ్డించబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెడతాం చూడండి, వేళ్ళ మధ్య సందు ఉంచి. అలాగన్నమాట. వడ్డించేవాడు ఆ సందు చూడకుండా ముందుకు వెళ్ళిపోతే, ఇక ఆ పూటంతా వంటలకు వంకలే.

నా సంగతి అడుగుతారేమో. నిన్న రాత్రి ఒక మిత్రుడు వికీపీడియాలోని నా చర్చా పేజీలో "ఈసారి మీరే నిలబడాలి" అని రాశాడు. రెండుసార్లు చదువుకున్నాను. అద్దంలోనూ ఓసారి చూసుకున్నాను. తర్వాత మీరు గుర్తొచ్చారు, మీ వెనకాల బకెట్టు గుర్తొచ్చింది. వెంటనే వెళ్ళి ఆ మిత్రుడి పేరే ప్రతిపాదించి, కింద పెద్ద అక్షరాలతో "మద్దతు" అని నేనే మొదటి ఓటు వేశాను.

ఆయన ఇంకా అంగీకరించలేదు. పొద్దుటి నుంచి నా ఫోనూ ఎత్తడం లేదు.

ఇట్లు,
వికీ పద్ధతిలో నాలుగు టిల్డేలతో (~~~~) సంతకం చేసి తప్పుకున్న
మీ శ్రేయోభిలాషి